ఫైలులో ఉన్నది ఏ అక్షరం?

ఈ ప్రసంగాన్ని పాత తెలుగు ఫాంటులో టైపు చేయించి, ఆ ఫాంటు లేని కంప్యూటరులో తెరిచి, తెర మీద కనబడింది కనబడినట్టు చదివాననుకోండి. మీకు వినిపించేది ఇలా ఉంటుంది: క్యాపిటల్ ఎన్, చిన్న క్యూ, డాలరు గుర్తు, నెత్తిన రెండు చుక్కలున్న ఏ, ఆశ్చర్యార్థకం, ఏదో ఫ్రెంచి అక్షరం, మళ్లీ డాలరు. చివరిదాకా ఇదే వరస. రేడియో కట్టేసి మీ పనుల్లో మీరు పడతారు. అయితే కథల పుస్తకాలు, గైడ్లు, పంచాంగాలు, శతకాల వ్యాఖ్యానాలు, చిన్న పత్రికల సంచికలు, ఇలా కంప్యూటరు వచ్చాక మనం అచ్చేసుకున్న తెలుగులో పెద్ద భాగం ఆ కంప్యూటర్లలో ఈ రూపంలోనే పడి ఉంది. కాగితం మీద చూస్తే చక్కటి తెలుగు. ఫైలులో మాత్రం డాలర్లూ చుక్కల ఏలూ.

పాత ఫాంట్లు అని మా పనిలో అనేది అన్ని భాషల అక్షరాలకూ ఉమ్మడి సంకేతపట్టిక అయిన యూనికోడుకు ముందటి పద్ధతిలో తయారైన వాటిని. మన రెండు రాష్ట్రాల్లో డీటీపీ, అంటే కంప్యూటరు మీద పేజీలు కట్టే పని, అనగానే నోటికొచ్చే పేరు అను ఫాంట్లు. పుణెలోని మాడ్యులర్ ఇన్ఫోటెక్ వారి శ్రీలిపి, బెంగళూరు సైబర్‌స్కేప్ వారి ఆకృతి, సీడ్యాక్ వారి ఐఎస్ఎమ్ కూడా ఆ తరానివే. కొన్ని దినపత్రికలు తమకంటూ వేరే ఫాంట్లు చేయించుకున్నాయి. హైదరాబాదు చిక్కడపల్లిలోనో, విజయవాడ ఏలూరు రోడ్డు చుట్టుపక్కలో డీటీపీ సెంటరులోకి తొంగిచూస్తే, పేజ్‌మేకరు అనే సాఫ్ట్‌వేరు తెరిచి, పక్కన చేతిరాత ప్రతి పెట్టుకొని, కీబోర్డు వంక కన్నెత్తి చూడకుండా టకటకా కొట్టుకుపోయే ఆపరేటరు ఈ రోజుకీ దొరుకుతాడు. ఆ వేగం చూసి ముచ్చటపడాల్సిందే.

ఆ టకటకల వెనక జరిగేది ఏమిటి? 1980ల చివర్లోనూ 90ల్లోనూ మన బల్లల మీదికి వచ్చిన కంప్యూటరుకు ఒక్కో ఫాంటులో 256 గళ్లే తెలుసు. వాటిలో మొదటి 32 యంత్రం తన సొంత అవసరాలకు ఉంచుకుంటుంది. మిగతా గళ్లలో ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు, విరామచిహ్నాలు, యూరపు భాషలకు కావలసిన అదనపు అక్షరాలు ఉంటాయి. కంప్యూటరుకు కావలసింది గడి సంఖ్య మాత్రమే. ఆ గడిలో ఏ బొమ్మ ఉందో అది పట్టించుకోదు. ఈ పట్టించుకోకపోవడమే మనవాళ్లకు సందు ఇచ్చింది. ఇంగ్లీషు అక్షరం ఉండాల్సిన ఒక గడిలో తలకట్టు, ఇంకో గడిలో కొమ్ము, మరోచోట కవత్తు పెట్టేశారు. కీబోర్డుకూ పేజ్‌మేకరుకూ మధ్య స్క్రిప్ట్ మేనేజర్ అనే చిన్న ప్రోగ్రామును కూర్చోబెట్టారు. మీరు క నొక్కి, గుడి నొక్కితే, ఏయే గళ్లలోంచి ఏయే ముక్కలు తీసి వరసగా పేర్చాలో అది చూసుకుంటుంది. ఫైలు దృష్టిలో ఇదంతా ఇంగ్లీషే. ఇంగ్లీషు అక్షరాలు తెలుగు పగటివేషం కట్టుకొని పేజీ మీద తిరుగుతున్నాయన్నమాట. ఫాంటు తీసేశామా, వేషం కాస్తా ఊడిపోతుంది.

తెలుగును ముక్కలుగా పేర్చడం కంప్యూటరుతో మొదలైన పని కాదు. సీసపు అక్షరాల కాలంలో కంపోజిటరు చేసిందీ అదే. ఆయన ముందున్న కేసులో కొన్ని వందల రకాల ముక్కలు ఉండేవి. గుడితో కలిపి పోతపోసిన అక్షరాలు ఒకచోట, కొమ్ములు ఒకచోట, వత్తులు ఇంకోచోట. స్టిక్కు పట్టుకొని ఒక్కో ముక్కా ఏరి పేర్చుకుంటూ పోయేవాడు. లెటర్‌ప్రెస్సులు మూతపడి ఆ కంపోజిటర్లలో కొందరు కంప్యూటరు ముందుకొచ్చి కూర్చున్నప్పుడు, ముక్కల ఫాంటు వాళ్లకు వింతగా తోచలేదు. చేతికి పట్టుబడిన లెక్కే తెర మీదికి ఎక్కింది. ఆ తరం నుంచి ఈ తరానికి పని ఎక్కడా ఆగకుండా సాగడానికి అదీ ఒక కారణమని నా నమ్మకం.

ఒక్క అక్షరం దగ్గర ఆగి చూద్దాం. స్త్రీ. పాత ఫాంటులో ఇది మూడు ముక్కలు కావచ్చు: గుడిదీర్ఘంతో ఉన్న సకారం, కింద తవత్తు, ఆపైన క్రారావడి. సకారం వేరు, గుడిదీర్ఘం వేరు అయిన ఫాంటులో నాలుగు. ఏది ముందు, ఏది వెనక అన్నది ఫాంటు తయారుచేసినవారి ఇష్టం. క్రారావడి అక్షరానికి ఎడమ వైపు నుంచి చుట్టుకొస్తుంది కనుక దాన్ని అన్నిటికన్నా ముందు పెట్టినవాళ్లూ ఉన్నారు. యూనికోడులో ఇదే స్త్రీకి ఆరు సంకేతాలు: స, పొల్లు, త, పొల్లు, ర, చివర గుడిదీర్ఘం. అంటే మనం నోటితో పలికే వరస. కాగితం మీద అది ఎలా కనిపించాలన్న సంగతి ఫైలు చెప్పదు. ఫాంటులో రాసిపెట్టిన నియమాలు, వాటిని చదివి అమలు చేసే సాఫ్ట్‌వేరు కలిసి తేల్చుకుంటాయి. పాత ఫైలులో బొమ్మ భద్రంగా ఉంటుంది, అక్షరం ఉండదు. కొత్త ఫైలులో అక్షరం భద్రం, బొమ్మ సంగతి గీసేవాళ్ల చేతిలో ఉంటుంది. డీటీపీలో ఇవాళ మనం పడుతున్న ఇక్కట్లు చాలావరకు ఇక్కడినుంచి పుట్టినవే.

బొమ్మను వదిలి అక్షరాన్ని దాచాలన్న ఆలోచన విదేశాల నుంచి ఊడిపడిందేమీ కాదు. ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు 1986 నాటిది. మన లిపులన్నిటికీ ఉమ్మడిగా పనికొచ్చే ఇస్కీ అనే సంకేతపట్టిక 1988లో వచ్చింది. 1991లో అది ఐఎస్ 13194 పేరుతో భారతీయ ప్రమాణం అయింది. అదే ఏడాది వెలువడిన యూనికోడు మొదటి కూర్పు మన లిపులకు గళ్లు పంచేటప్పుడు ఆ 1988 నాటి ఇస్కీ వరసనే అనుసరించింది. తెలుగుకు 128 గళ్లు దక్కాయి. మరి ఇంత ముందే దారి ఉంటే మన ప్రెస్సులు ఆ దారిన ఎందుకు పోలేదు? అప్పటి విండోసుకు గానీ, పేజ్‌మేకరుకు గానీ వత్తును తీసుకెళ్లి అక్షరం కింద పెట్టడం చేతకాదు. ఆవిష్కరణ సభకు హాలు మాట్లాడేశాక రచయితకు పుస్తకం కావాలి, ప్రమాణం కాదు. ముక్కల ఫాంట్లు నెగ్గింది అందుకే.

ఈ మధ్య పాత ఫాంట్లు వాడేవాళ్లను వెనకబడినవాళ్లుగా చూడటం ఒక అలవాటైంది. నాకది నచ్చదు. కాస్త వెనక్కి వెళ్లి చూడండి. విండోస్ ఎక్స్‌పీతో 2001లో తెలుగు యూనికోడు మన ఇళ్లలోకి వచ్చింది, గౌతమి అనే ఒక్క ఫాంటును వెంటబెట్టుకొని. తెర మీద నాలుగు ముక్కలు చదువుకోవడానికి సరే. పంక్తికీ పంక్తికీ మధ్య అంత ఎడం పెట్టుకొని పుస్తకం వేస్తే కాగితం ఖర్చే తడిసిమోపెడు. కెనడాలో స్థిరపడిన తిరుమల కృష్ణదేశికాచార్యులు తయారుచేసి ఉచితంగా పంచిన పోతన, వేమన ఫాంట్లు ఆ తొలి రోజుల్లో ఆదుకున్నాయి. కానీ శుభలేఖకు ఒక సొగసు, సినిమా పోస్టరుకు ఒక దూకుడు, దేవాలయం కరపత్రానికి ఒక నిండుతనం కావాలి కదా. ఆ వైవిధ్యమంతా అప్పుడు పాత ఫాంట్లలోనే ఉంది.

పేజీలు కట్టే సాఫ్ట్‌వేరు పరిస్థితి ఇంకా కనాకష్టం. పేజ్‌మేకరు చివరి కూర్పు 7 కూడా 2001లోనే వచ్చింది. దానికి యూనికోడు తెలియదు, ఇక తెలియబోదు. దాని తర్వాతి తరంగా అడోబీ వారు 1999లోనే ఇన్‌డిజైను తెచ్చినా, మన లిపులకు అందులో సరైన చోటు దొరికింది 2012 నాటి సీఎస్6లో. అంతకుముందు యూనికోడు తెలుగును అందులో మామూలుగా అతికిస్తే, అమ్మ అన్న చిన్న మాటను కూడా మకారానికి పొల్లు పెట్టి, పక్కన ఇంకో మ కూర్చోబెట్టి చూపించేది. అలా అచ్చేస్తే అమ్మ ఒప్పుకున్నా పాఠకుడు ఒప్పుకోడు. 2001 నుంచి 2012 దాకా వెబ్‌లో తెలుగు వికీపీడియా, బ్లాగులు, ఈమెయిళ్లు అన్నీ యూనికోడులో పెరుగుతుంటే అచ్చు మాత్రం పాత ఫాంట్లలోనే ఉండిపోయింది. ఆపరేటరు బద్ధకానికి ఇందులో పాత్ర తక్కువ. అతని చేతిలో పనిముట్టు లేదు.

ఇప్పుడు పనిముట్లున్నాయి. అయినా అతని దగ్గర పాత ఫాంట్లూ ఉన్నాయి, వాటిలో చేసిన పాత పనీ ఉంది. కొత్త ఇన్‌డిజైనులో పాత ఫాంటు వాడుకోవచ్చా అని అడుగుతుంటారు. ఫాంటు ట్రూటైపు రకమైతే వాడుకోవచ్చు. ఇన్‌డిజైను దాన్ని ఇంగ్లీషు ఫాంటే అనుకొని తీసుకుంటుంది. చిక్కంతా ఆ అనుకోవడంలోనే ఉంది, ఎందుకంటే ఇంగ్లీషుకు చేయాల్సిన సేవలన్నీ అది మీరు అడగకుండానే మొదలుపెడుతుంది.

ఇంగ్లీషు మాట పంక్తి చివర పట్టకపోతే విరిచి హైఫన్ పెట్టడం దానికి అలవాటు. మన ముక్కల వరసను ఇంగ్లీషు మాట అనుకొని విరిస్తే, అక్షరం పై పంక్తి చివర ఉంటుంది, దాని వత్తు కింది పంక్తి మొదట్లో ఒంటరిగా వేలాడుతుంది. అందుకని ఆ పేరాలకు భాష అన్నచోట నో లాంగ్వేజ్ అని పెట్టి, హైఫనేషన్ తీసేయాలి. ఇంగ్లీషులో నిలువు కొటేషన్లను వంపు కొటేషన్లుగా మార్చడం ఇంకో సేవ. మన ఫాంటులో ఆ నిలువు కొటేషను గడిలో ఏ గుడో ఉంటే, అది మారిపోయి ఆ స్థానంలో ఇంకేదో ముక్క ప్రత్యక్షమవుతుంది. ఎఫ్ పక్కన ఐ వస్తే రెంటినీ కలిపి ఒకే అచ్చుగా చూపడం మరొకటి. దాన్నీ ఆపాలి. వర్డ్‌లో టైపు చేసేవాళ్లకు వేరే బెడద. వాక్యం మొదటి అక్షరాన్ని అది పెద్దక్షరం చేస్తుంది. ఇంగ్లీషులో చిన్న కే పెద్ద కే అయితే మాట మారదు. మన ఫాంటులో ఆ రెండు గళ్లలోనూ ఉన్నవి సంబంధం లేని రెండు ముక్కలు. ప్రతి వాక్యం మొదటి మాటా తప్పే.

వీటన్నిటికన్నా కంటికి గుచ్చుకునేది అక్షరాల మధ్య ఎడం. రెండు అంచులూ సమంగా రావడానికి ఇన్‌డిజైను మాటల మధ్య ఖాళీని సాగదీస్తుంది. అనుమతిస్తే అక్షరాల మధ్య కూడా సాగదీస్తుంది. పాత ఫాంటులో వత్తు అనేది దాని లెక్కలో విడి అక్షరం. కాబట్టి అక్షరానికీ దాని వత్తుకూ మధ్య కూడా ఎడం పెడుతుంది. భక్తి అన్న మాటలో తవత్తు కకారం కిందనుంచి జరిగి కుడిపక్కకు పోతుంది. వీధుల్లో కొన్ని ఫ్లెక్సీల మీద వత్తులు ఎటో పోతున్నట్టు మీకూ కనిపించే ఉంటాయి. అక్కడ జరిగింది ఇదే: పేరు వెడల్పుగా రావాలని ఎవరో అక్షరాల మధ్య ఎడం పెంచారు. జస్టిఫికేషన్‌లో అక్షరాల ఎడాన్ని మూడు గళ్లలోనూ సున్నా చేయాలి. కెర్నింగ్‌ను ఆప్టికల్‌లో పెట్టకుండా మెట్రిక్స్‌లో ఉంచాలి. ఇవన్నీ కలిపి ఒకే పేరా స్టయిలులో పెట్టి ఆ స్టయిలుకు ఒక పేరు పెట్టుకుంటే, పుస్తకం మొత్తానికీ మళ్లీ తలనొప్పి ఉండదు.

అన్ని జాగ్రత్తలూ తీసుకున్నా లొంగని గళ్లు రెండున్నాయి, 160, 173. మొదటిది విడిపోని ఖాళీకి, రెండోది కనబడని హైఫనుకు కేటాయించినవి. పాత సాఫ్ట్‌వేరు వీటినీ మామూలు గళ్లలాగే చూసేది కనుక కొన్ని ఫాంట్లలో అక్కడ తెలుగు ముక్కలు పెట్టారు. కొత్త సాఫ్ట్‌వేరు నియమం తప్పదు. 173వ గడిలో ఉన్న ముక్క పేజీ మీద కనబడకుండా పోతుంది. పుస్తకమంతా ఒకే వత్తు మాయమైందంటే ముందు అనుమానించాల్సింది దీన్ని.

యూనికోడు వాడేవాళ్లకు మీట ఒక్కటే. ఇన్‌డిజైను పేరా అమరికల్లో కంపోజర్ అనే చోట వరల్డ్ రెడీ పేరాగ్రాఫ్ కంపోజర్ ఎంచుకోవాలి. ఎంచుకోకపోతే అమ్మ మళ్లీ రెండుగా విడిపోతుంది. ఫోటోషాపు వెనకటి కూర్పుల్లో కూడా మిడిల్ ఈస్టర్న్ అండ్ సౌత్ ఏషియన్ అనే పేరుతో ఇలాంటి ఎంపిక ఉండేది. ఆ పేరు చూసి మనది కాదనుకొని దాటిపోయినవాళ్లే ఎక్కువ. డబ్బు పెట్టలేనివారికి ఉచితంగా దొరికే స్క్రైబస్ ఉంది. 2024 జనవరిలో వచ్చిన 1.6 కూర్పు తెలుగు వత్తులను సరిగానే పెడుతుంది. ఫాంట్ల కరువూ తీరింది. సిలికానాంధ్ర ద్వారా స్వేచ్ఛా లైసెన్సుతో వచ్చిన మండలి, గిడుగు, సూరన్న, తిమ్మన, రామభద్ర వంటివి ఎవరైనా దించుకోవచ్చు. పుస్తకం లోపలి పేజీలకు మండలి, పెద్ద శీర్షికలకు రామభద్ర చూడండి. అన్నీ ఒకే నాణ్యతతో లేవు. ఐదేసి హల్లులు కలిసే సంస్కృత పదాలను, అంటే కార్త్స్న్యం లాంటి వాటిని, ముందే ఒక పేజీలో వేసి అచ్చు తీసి చూసుకున్నాకే ఫాంటు ఖాయం చేయడం మంచిది. తెర మీద బాగున్న వత్తు కాగితం మీద కింది పంక్తి గుడిని తగిలే సందర్భాలు తక్కువేమీ కాదు.

ఇప్పుడు చాలా చోట్ల జరుగుతున్న తంతు ఒకటి చెబుతాను. రచయిత తన ఫోనులోనో లాప్‌టాపులోనో యూనికోడులో రాసి పంపుతాడు. ఆపరేటరు దాన్ని కన్వర్టరులో వేసి అను ఫాంటులోకి మారుస్తాడు, ఎందుకంటే అతని పేజ్‌మేకరు తినేది అదే. పేజీలు కడతాడు. ప్రూఫులు వస్తాయి. మొదటి ప్రూఫు, రెండో ప్రూఫు, ముందుమాట రాసిన పెద్దాయన చివరి నిమిషంలో చెప్పిన మార్పులు, ఇవన్నీ ఆ పేజీల మీదే దిద్దుతారు. పుస్తకం అచ్చవుతుంది. రెండేళ్లకు ఈబుక్ వేద్దామంటారు. రచయిత దగ్గరున్న యూనికోడు ప్రతిలో దిద్దుబాట్లు లేవు. దిద్దుబాట్లున్న ప్రతి యూనికోడులో లేదు. మళ్లీ వెనక్కి కన్వర్టు చేయాలి. ఒక చోటు నుంచి బయలుదేరి అదే చోటుకు రావడానికి రెండుసార్లు దారి ఖర్చు, దారిలో రాలిపోయిన అక్షరాలు అదనం. నేను పోట్లాడేది ఈ తంతుతోనే, పాత ఫాంటుతో కాదు. అచ్చుకు మీకు నచ్చిన ఫాంటు వాడుకోండి. దిద్దుబాటు మాత్రం యూనికోడు ప్రతిలో చేసి, అక్కడినుంచి పేజీలోకి తెచ్చుకోవాలి.

వెనక్కి కన్వర్టు చేయడం తప్పదనుకున్నప్పుడు ఏమవుతుందో కూడా చెప్పాలి. రాజ్, కుమార్ కలిసిన పేరు తీసుకోండి. పాత ఫాంటులో జకారానికి పొల్లు, పక్కన నిండు కకారం, అంతే. యూనికోడు నియమం ప్రకారం పొల్లు తర్వాత హల్లు వస్తే అది వత్తవుతుంది. కనుక కన్వర్టరు మామూలుగా మారిస్తే జకారం కింద కవత్తు చేరి, పేరు కాస్తా రాజ్కుమార్ అయి కూర్చుంటుంది. సాఫ్ట్‌వేర్ అన్న మాటైతే ఫకారం కింద టవత్తు, దాని కింద వవత్తు, మూడంతస్తుల మేడ. దీన్ని ఆపడానికి పొల్లు తర్వాత కనబడని సంకేతం ఒకటి పెట్టాలి. జీరో విడ్త్ నాన్ జాయినర్ అంటారు. మంచి కన్వర్టరు దాన్ని తానే పెడుతుంది. ఇంగ్లీషు మాటలు, ముస్లిం పేర్లు, ఉత్తరాది పేర్లు ఎక్కువగా ఉన్న పుస్తకంలో ముందు వీటినే వెతకండి.

రెండో చిక్కు పుస్తకంలో నిజంగా ఉన్న ఇంగ్లీషు. ఈమెయిలు చిరునామాలు, వెబ్‌సైట్ల పేర్లు, ఔషధాల పేర్లు. పేజీలో అవి వేరే ఫాంటులో ఉన్నాయి గనక ఇంగ్లీషుగా కనిపించాయి. పాఠాన్ని ఊరికే కాపీ చేసి కన్వర్టరులో పోస్తే, ఏ మాట ఏ ఫాంటులో ఉందన్న సమాచారం పోతుంది. కన్వర్టరు పాపం అన్నిటినీ తెలుగు ముక్కలే అనుకుంటుంది. అంతవరకు ఇంగ్లీషుగా ఉన్న చిరునామా అప్పుడు నోరు తిరగని తెలుగవుతుంది. ఫాంటు పేర్లను వెంట తీసుకుపోయే ఆర్‌టీఎఫ్ వంటి రూపంలో పాఠాన్ని బయటికి తీసి, ఆ తేడాను గుర్తించే కన్వర్టరుకు ఇస్తే ఈ బాధ తప్పుతుంది.

ఇక ఆపరేటర్ల చేతివాటం. ఫాంటులో లేని వత్తును ఇంకో ఫాంటులోంచి తెచ్చి, చిన్నది చేసి, కిందికి జరిపి అతికించినవాళ్లున్నారు. అనుస్వారం బదులు అంకె సున్నా కొట్టినవాళ్లున్నారు. కాగితం మీద తేడా తెలియదు, పని అయిపోయింది. కన్వర్టు చేసిననాడు ఆ సున్నాలు అంకెలుగానే మిగిలి, పందిరి అన్న మాట నడుమ అంకె తేలుతుంది. పాత పుస్తకాల పునర్ముద్రణ చేసేవారికి నకారపొల్లు సంగతి కూడా తెలియాలి. పూర్వపు అచ్చులో కనిపించే ఆ ప్రత్యేక రూపానికి యూనికోడులో సొంత గడి 2021లో, 14వ కూర్పులో గానీ రాలేదు. అది లేని ఫాంట్లు ఇంకా చాలా ఉన్నాయి. మొత్తం మీద, కన్వర్టు చేసిన పాఠాన్ని అచ్చు పుస్తకం పక్కన పెట్టుకొని మొదటి పేజీ నుంచి చదివే మనిషి కావాలి. కన్వర్టరు ఉచితం కదా అని ప్రూఫ్‌రీడరు కూలి ఎగ్గొట్టిన ఈబుక్కులు బజారులో ఉన్నాయి, కొని చూస్తే తెలుస్తుంది.

ఈ పనికి తొందరేమిటి అంటారేమో. ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ 2014 ఏప్రిల్‌లో చేయి వదిలేసింది. విండోస్ 10కి 2025 అక్టోబరులో వదిలేసింది. అడోబీ వారు టైప్ 1 రకం ఫాంట్లను 2023 జనవరి నుంచి తమ సాఫ్ట్‌వేరులో వాడనివ్వడం లేదు. మన పాత ఫాంట్లలో ఆ రకానివీ ఉన్నాయి. సీఎస్6 దాకా వచ్చిన ఇన్‌డిజైను పేజ్‌మేకరు ఫైళ్లను తెరిచేది, తర్వాతివి తెరవవు. కొన్ని ఫాంటు ప్యాకేజీలకు తాళం కూడా ఉండేది. ప్రింటరు తగిలించే చోట ఒక చిన్న పెట్టె తగిలిస్తేనే అవి పనిచేసేవి. ఆ చోటే కొత్త కంప్యూటర్లలో లేదు. ఒక మూల దుమ్ముకొట్టుకొని ఇంకా నడుస్తున్న పాత యంత్రం మీ ప్రెస్సులో ఉంటే, దాన్ని ఇంటర్నెట్‌కు తగిలించకుండా ఉంచి, నడుస్తుండగానే ఫైళ్లను బయటికి తీసుకోండి. తీసేటప్పుడు ఫాంటు ఫైళ్లు, ప్రతి పుస్తకానికీ ఒక పీడీఎఫ్ కూడా తీయండి. కన్వర్టు చేసినది సరిగ్గా వచ్చిందా లేదా అని తేల్చుకోవడానికి ఆ పీడీఎఫే సాక్ష్యం.

పీడీఎఫ్ ఉంటే చాలదా అని ఆగిపోకండి. పాత ఫాంటుతో చేసిన పీడీఎఫ్‌లో ఒక పేరు వెతకలేరు, ఒక వాక్యం తీసుకోలేరు. చివర్లో పదసూచిక వేయాలంటే కంప్యూటరు దాన్ని ఇంగ్లీషు వరసలో పేరుస్తుంది. నిఘంటువులు చేసేవాళ్లు పడ్డ పాట్లు వాళ్లకే తెలుసు. ఇంకో సంగతి. చూపు లేనివారు స్క్రీన్ రీడరు అనే సాఫ్ట్‌వేరుతో పుస్తకాలు వింటున్నారు. వారికి ఆ పీడీఎఫ్ ఇస్తే, మొదట్లో నేను చదివి వినిపించిన డాలర్ల వరసే వినిపిస్తుంది. ఒకప్పుడు తెలుగు దినపత్రికల సైట్లు ఒక్కొక్కటీ ఒక్కో ఫాంటులో ఉన్నప్పుడు, వెన్న నాగార్జున ఫైర్‌ఫాక్సు కోసం పద్మ అనే పొడిగింపు తయారుచేశారు. తెరిచిన పేజీని అది అప్పటికప్పుడు యూనికోడులోకి మార్చేది. సైట్లు మారిపోయాయి గనక దాని అవసరం తీరింది. అచ్చు పుస్తకాల ఫైళ్లకు మాత్రం ఆ చాకిరీ ఎవరో ఒకరు కూర్చొని చేయాల్సిందే. యూనికోడుతో చేసిన పీడీఎఫ్ కూడా అన్నిసార్లూ శుభ్రంగా ఉంటుందని పూచీ లేదు. అందులోంచి ఒక పేరా కాపీ చేసి చూస్తే వత్తులు తారుమారైన సందర్భాలు బోలెడు. కాబట్టి దాచుకోవాల్సింది పేజీలు కట్టకముందు ఉండే మామూలు పాఠం ఫైలు.

కీబోర్డు మారాలేమోనన్న భయం ఆపరేటర్లలో ఉంది. ఆపిల్ అనే కీబోర్డు లేఅవుటు వేళ్లకు పట్టినవాడిని ఇన్‌స్క్రిప్టు నేర్చుకోమంటే ఆ నెల అతనికి తిండి గడవదు. పేజీల లెక్కన కూలి తీసుకునేవాడు మరి. మీటలు అవే ఉంచి యూనికోడు పలికించే ఉపకరణాలు ఉన్నాయి. వాటిని వేయించి ఇవ్వడం యజమాని పని.

సొంతంగా పుస్తకం వేయించుకుంటున్న రచయితలు ఈ ప్రసంగం వింటూ ఉంటే వారికొక మాట. బేరం కుదిరినప్పుడే, చివరి దిద్దుబాట్లతో సహా యూనికోడు పాఠం నాకు కావాలి అని డీటీపీవారికి చెప్పండి. దానికి అదనంగా అడిగితే ఇవ్వండి, అది న్యాయమే. ఫైలు చేతికొచ్చాక ఆ ఫాంట్లేవీ లేని ఇంకో కంప్యూటరులోనో, మీ మనవరాలి ఫోనులోనో తెరిచి చూసుకోండి. తెలుగు తెలుగుగా కనబడిన తర్వాతే మిగిలిన బాకీ చెల్లించండి.